చలిమర వాళ్ళ జంపఖానా

అమెరికాలో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఏ ఇద్దరు తెలుగువాళ్ళకి మాటలు ఆగిపోయినా, అటు తిరిగి ఇటు తిరిగి ఆ కబురు దమయంతి గుమ్మంలోకే వచ్చేది. ఆవిడ చదివింది ఐదో క్లాసు. కారు నడపడం రాదు. అయినా ఫలానా వాళ్ళింట్లో తోడికోడళ్ళకి పడటంలేదంటే, ఫలానా వాళ్ళు పాట్‌లక్ భోజనాలకి పిలవలేదని ఇంకొకళ్ళు అలిగారంటే, ఎవరో ఒకరు కారేసుకొచ్చి మరీ ఆవిడని తీసుకెళ్ళేవాళ్ళు.

తప్పెవరిదని ఆవిడ ఎప్పుడూ అడగదు. అడిగితే రెండు వైపులా రామాయణం వినాలి. అంత ఓపిక వయసులో ఉన్నప్పుడే లేదు. ఇద్దరికీ కలిపి ఏదో ఒక పని చెబుతుంది, అంతే. తడి వడియాలు పెట్టిన గుడ్డని వంటింట్లోంచి పెరట్లో ఎండకి చేర్చాలంటే ఇద్దరు మనుషులు కావాలి, నాలుగు కొసలూ సమంగా పట్టుకోవాలి, ఒకళ్ళ అడుగు చూసి ఇంకొకళ్ళు అడుగెయ్యాలి. లేకపోతే వడియాలన్నీ ఒక మూలకి జారి ముద్దయిపోతాయి. వడియాలు ఎండేలోపు ఎన్ని అలకలు తీరాయో లెక్కలేదు.

అలాంటి దమయంతి, రెండువేల తొమ్మిదిలో, ఇక ఎవరికీ మధ్యవర్తిగా పోనని ఒట్టేసుకుంది. ఆ ఏడు ఊళ్ళో తెలుగు సంఘం రెండుగా చీలి, ఒకే ఉగాదిని రెండు హాళ్ళలో చేసుకుంది. ఆవిడ పోయి, బతిమాలి, తిట్టి, మొత్తానికి మళ్ళీ అతికించింది. అతికిన మర్నాడే ఇటువాళ్ళు ‘ఆవిడ అటువాళ్ళ పక్షం’ అన్నారు, అటువాళ్ళు ‘ఇటువాళ్ళ పక్షం’ అన్నారు. ఆ ఒక్క విషయంలో మాత్రం రెండు పక్షాలకీ మాట కలిసింది.

“ఇక నా వల్ల కాదు. కొట్టుకు చావండి,” అని చీర కొంగు దోపుకుని వంటింట్లోకి పోయింది. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి, నడుం కూడా మొరాయించడం మొదలుపెట్టింది.

ఆవిడ భర్త ధర్మారావు వంతెనలు కట్టే ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. పేకాట లేదు, మందు లేదు, నోట్లోంచి పెద్ద మాట రాదు. ఉన్న వ్యసనమల్లా ఒకటే, ఒక జర్మన్ పాటల జట్టు. వాళ్ళ సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారట. దమయంతికి తెలిసినంతలో దానర్థం, వాళ్ళు ఒక పాట ఎత్తుకుంటే అది ముగిసేలోపు పప్పు ఉడికించి, పోపు పెట్టి, చారు కాచి, మొగుణ్ణి భోజనానికి రమ్మని రెండుసార్లు కేకెయ్యచ్చు. అతను మాత్రం పాట అయితేగాని రాడు.

ఈ పిచ్చి పట్టుకున్నది పెళ్ళయిన కొత్తల్లోనే. అప్పుడు ధర్మారావు జర్మనీలో చదువుతున్నాడు. వాళ్ళు ఒక పల్లెటూళ్ళో రొట్టెల కొట్టు మీద గదిలో అద్దెకుండేవాళ్ళు. కిటికీ తీస్తే ఎదురుగా వాగు, వాగు మీద పాతకాలం పిండిమర. మర తిరగడం మానేసి ఎన్నేళ్ళయిందో, లోపల ఐసుపెట్టెలా ఉండేది. అందులో జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళు కాపురముంటూ పొద్దస్తమానం వాయించుకునేవాళ్ళు. జట్టుకి పెట్టుకున్న పేరు కూడా అదే, కాల్ట్‌మ్యూలె. చలిమర అని అర్థం చెప్పాడు ధర్మారావు. ఆ ఇంట్లో అప్పట్నుంచీ వాళ్ళు చలిమర వాళ్ళే.

మర ఫోల్కర్ తాతది. ఫోల్కర్ గిటారు వాయించేవాడు. ఆర్గాన్ వాయించే ఊవె చర్చి పాస్టరు గారబ్బాయి. డ్రమ్ములవాడు హైనర్. నోట్లో సిగరెట్టూ మొహాన నవ్వూ ఎప్పుడూ ఆరేవి కావు. ఆ మర ఫోల్కర్‌ది గనక జట్టు తనదని ఫోల్కర్ అనేవాడు. మొదటి పాట కట్టింది తను గనక జట్టు తనదని ఊవె అనేవాడు. ఇద్దరూ చెరోవైపు లాగుతుంటే హైనర్ మధ్యన కూర్చుని డ్రమ్ము కొట్టేవాడు. ఆ చప్పుడులో ఎవరి మాట ఎవరికీ వినపడేది కాదు, జట్టు నిలబడేది.

దమయంతి వాళ్ళకి పప్పన్నం పంపేది. చలికి పాపం గడ్డకట్టుకుపోతున్నారని ఒక జంపఖానా కూడా ఇచ్చింది. పుట్టింటివాళ్ళు పెట్టిన ఓరుగల్లు జంపఖానా అది. విమానంలో బట్టలన్నీ అందులోనే మూటకట్టి తెచ్చుకుంది. ఇంకేముంది, దాన్ని డ్రమ్ముల కింద పరిచేశారు. అలా పరిస్తే డ్రమ్ములు జారిపోవట. చివరికి దేశం విడిచి వస్తున్నప్పుడు తిరిగి తెచ్చుకుంటే, ఎర్ర చార మధ్యలో హైనర్ సిగరెట్టు కాల్చిన చిల్లు ఒకటి కనిపించింది. ఆ రోజు హైనర్‌ని ఆవిడ తిట్టిన తిట్లు తెలుగులోనే అయినా వాడికి పూర్తిగా అర్థమయ్యాయి.

ఆ మరలో వాళ్ళు కట్టిన పెద్ద పాట ‘నీటిచక్రం’. రికార్డుకి ఒక వైపంతా అదొక్కటే. ధర్మారావుకి దాని ముక్కలు కిటికీలోంచి రోజూ వినపడేవి. ఒకరోజు చివర, ఇంకోరోజు మొదలు, మరోరోజు మధ్యలో పది నిమిషాలు. దాన్ని మొదటిసారి జనం ముందు పూర్తిగా వాయించడానికి వారం ముందే అతనికి హ్యూస్టన్‌లో ఉద్యోగం వచ్చింది. వచ్చేశారు. ఊవె, ఫోల్కర్ ఒకే వేదిక మీద వాయిస్తుంటే, మొదట్నుంచి చివరిదాకా ఆ పాట వినాలన్నది అతని జీవితంలో మిగిలిపోయిన ఒక్క కోరిక. కూతురి పెళ్ళయింది, ఇల్లు కట్టాడు, వంతెనలు కట్టాడు. ఇదొక్కటే కాలేదు.

ఎలా అవుతుంది? డెబ్భై ఎనిమిదిలో చలిమర రెండు ముక్కలయింది. సంగీతంలో అభిప్రాయభేదాలని ఇంటర్నెట్‌లో రాశారు. ధర్మారావు చదివి వినిపిస్తే దమయంతి పెదవి విరిచింది.

“అభిప్రాయాలూ లేవు, భేదాలూ లేవు. ఆ మరలో పొయ్యికి బొగ్గు ఎవరు మొయ్యాలన్న దగ్గర మొదలైంది. నేను చూడలేదూ?”

ఇద్దరూ కోర్టుకెక్కారు. ఆ పేరు ఇద్దరూ వాడుకోవచ్చు, కాకపోతే ముందు ఎవరి పేరు వాళ్ళు తగిలించుకోవాలని తీర్పు వచ్చింది. ఊవె చలిమర ఒకటి, ఫోల్కర్ చలిమర ఒకటి. అన్నదమ్ములు విడిపోయి ఒకే పేరుతో ఎదురెదురుగా రెండు మిఠాయి కొట్లు పెట్టుకున్నట్టు. ధర్మారావు ఇద్దరి రికార్డులూ తెప్పించుకుని, పక్కపక్కన పెడితే కొట్టుకుంటాయేమో అన్నట్టు గదికి చెరో గోడనా పేర్చాడు. ఆ గదిలో చీపురు తిప్పడం దమయంతి వంతు. తర్వాత ఫోల్కర్ కొట్టు మూతపడింది. హైనర్ జబ్బుచేసి పోయాడు. ఊవె మాత్రం మనవల ఈడు కుర్రాళ్ళని పెట్టుకుని ఊళ్ళు తిరుగుతూనే ఉన్నాడు.

రెండువేల పదకొండు అక్టోబర్లో ఒక సాయంత్రం ధర్మారావు వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. అతను అలా ఊరికే నిలబడ్డాడంటే ఏదో ఉందన్నమాట.

“దమయంతీ, ఊవె డాలస్ వస్తున్నాడు. ఆదివారం మధ్యాహ్నం షో.”

“రానివ్వండి. నేను ఆపానా?”

“ఫోల్కర్ కూడా ఇక్కడే ఉన్నాడు. ఆస్టిన్ దగ్గర కూతురింట్లో. ఫోన్ చేశాను. శనివారం లంచ్‌కి వస్తానన్నాడు.”

దమయంతి గరిటె కింద పెట్టింది. “ఊవె?”

“వాడూ వస్తానన్నాడు.”

“రెండోవాడు వస్తున్నట్టు ఇద్దరికీ చెప్పారా?”

ధర్మారావు సింకు వైపు చూశాడు. “చెబితే రారు కదా.”

“నలభై ఏళ్ళు వంతెనలు కట్టారు. రెండు ఒడ్లకీ చెప్పకుండా ఒక్కటైనా కట్టారా? నన్ను మాత్రం ఇందులోకి లాగకండి. నేను ఒట్టేసుకున్నాను.”

“నువ్వు వంట చెయ్యి చాలు. మాట్లాడేది రాజారావు చూసుకుంటాడు.”

రాజారావు అంటే తెలుగు సంఘం అధ్యక్షుడు. మైకు కనపడితే మనిషి రెండంగుళాలు పెరుగుతాడు. ఆ పేరు వినగానే దమయంతికి నడుంలో పోటు మొదలైంది.

శనివారం సోఫాలు గరాజ్‌లోకి పోయాయి, హాల్లో జంపఖానా పరుచుకుంది. ముందు ఫోల్కర్ వచ్చాడు. ఒకప్పటి జుట్టులో వెంట్రుక మిగల్లేదు. దమయంతిని చూసి, “ఫ్రావ్ రావ్!” అని వాళ్ళ భాషలో మిసెస్ రావుని పలకరించి, రెండు చేతులూ పట్టుకుని, “పప్పు?” అన్నాడు. ఉంది నాయనా అంది. ఆ వెనకే ఊవె వచ్చాడు. వేళ్ళ కణుపులు వాచి, నడుం వంగి, చూపులో మాత్రం ఆ పాస్టరు కొడుకు బిగువు అలాగే ఉంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. వెనక్కి పోదామంటే గుమ్మంలో ధర్మారావు నిలబడ్డాడు, నవ్వుతూ, చెమటలు కక్కుతూ. పప్పు వాసన కూడా అడ్డం వచ్చిందేమో, ఇద్దరూ లోపలికొచ్చి చెరో గోడకీ ఆనుకుని కూర్చున్నారు, అచ్చం ఆ రికార్డుల్లాగే.

రాజారావు సంఘం వాళ్ళని పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. భోజనం బాగానే నడిచింది. గుత్తివంకాయ దగ్గర ఫోల్కర్, “ఊవె, ఆ ఉప్పు ఇటివ్వు,” అన్నాడు. ఊవె ఇచ్చాడు. ధర్మారావు కళ్ళు మెరిశాయి. అంతటితో వదిలేసి ఉంటే సరిపోయేది. కానీ తెలుగువాళ్ళింటికి పెద్దమనిషి వస్తే శాలువా కప్పకుండా పంపిస్తే ఎలా?

రాజారావు మైకు తెచ్చుకున్నాడు. కరావోకే మైకు, దానికో ఎర్రలైటు. సంచిలోంచి రెండు శాలువాలు తీశాడు. “వదినగారూ, ఒక్క నిమిషం ఇలా వచ్చి నిలబడండి,” అని దమయంతిని కూడా పిలిచాడు. చెయ్యి ఖాళీ లేదందావిడ.

“లేడీస్ అండ్ జెంటిల్మెన్! ఇవాళ మన మధ్య ఉన్న కాల్ట్‌మ్యూలె ఫౌండర్, వ్యవస్థాపకులు...” అని రాగం తీసి, తనకి దగ్గర్లో ఉన్నవాడు కదాని ఫోల్కర్ భుజాల మీద శాలువా కప్పేశాడు. “...అలాగే ఆ జట్టులో ఆర్గాన్ వాయించిన మిస్టర్ ఊవె!”

ఫౌండర్ అన్న మాట ఇంగ్లీషులోనే అన్నాడు మహానుభావుడు. ఏ మాట కోసం ముప్పై ఏళ్ళు కోర్టులూ లాయర్లూ నడిచాయో ఆ మాటే. ఊవె తనకి కప్పబోయిన శాలువాని రెండు వేళ్ళతో పక్కకి జరిపి, పళ్ళెం కింద పెట్టి, పెరట్లోకి పోయాడు.

“తీర్పు అయిపోయిందన్నమాట,” అని ఇంగ్లీషులో నవ్వాడు ఫోల్కర్. ఆ నవ్వు గాజుతలుపు అవతలికి కూడా వినపడింది.

ఒక్కొక్కళ్ళే కార్లెక్కారు. రాజారావు గుమ్మంలో నిలబడి, “పెద్దవాడు ఆయనే అనుకున్నా వదినగారూ, ప్రోటోకాల్ ప్రకారమే చేశా,” అన్నాడు.

“నీ ప్రోటోకాల్ తగలెయ్య. ముప్పై ఏళ్ళ పుండు మీద పట్టుశాలువా కప్పావు. వెళ్ళిరా.”

హాలు ఖాళీ అయింది. ధర్మారావు ఆ జంపఖానా మీద ఒక మూలన కూర్చుండిపోయాడు. ఎవరూ కప్పుకోని ఆ రెండో శాలువాని మోకాళ్ళ మీద పెట్టుకుని మడతపెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడతపెడుతున్నాడు. ఫోల్కర్ బయట, తనని దింపి షాపింగుకి పోయిన కూతురికి ఫోన్ చేస్తున్నాడు, వచ్చి తీసుకుపొమ్మని. ఊవె పెరట్లో కరివేపాకు కుండీ ముందు వీపు చూపిస్తూ నిలబడి ఉన్నాడు.

దమయంతికి కూర్చోవాలనుంది. పొద్దున్నే లేచి వండింది. అంట్లు కొండలా పడి ఉన్నాయి, నడుం విరిగిపోతోంది. ఈ ఇద్దరు ముసలాళ్ళు మాట్లాడుకుంటే తనకేం, మానేస్తే తనకేం? ఆ పాట ఇంకోసారి వినకపోతే తన చెవులకి పండగ. ఒట్టు కూడా వేసుకుంది. మళ్ళీ మొగుడి చేతుల్లో శాలువా వైపు చూసింది.

“ఖర్మ,” అనుకుంది. పెరటి తలుపు తీసింది.

“ఏమయ్యా ఊవె! ఇలా రా. నాకు బ్యాక్ పెయిన్. ఈ జంపఖానా మడత పెట్టాలి.” వీధి తలుపు తీసి ఫోల్కర్‌నీ అదే మాటతో పిలిచింది. ముసలావిడ నడుం పట్టుకుని పిలిస్తే ఏ దేశంలో ఎవడు రాననగలడు? ధర్మారావుని చూసి మాత్రం, “మీరు లేవండి, పక్కకి జరగండి,” అంది.

ఈ కొస ఒకడికి, ఆ కొస ఇంకొకడికి ఇచ్చింది. ఇద్దరూ లేపారు. దుమ్ము పోవడానికి దులపాలి, దులపాలంటే ఒక్కసారే ఎత్తాలి, ఒక్కసారే దించాలి. మొదటిసారి కుదర్లేదు, అల మధ్యలో చచ్చిపోయింది. రెండోసారి కొంచెం నయం. మూడోసారి ఫట్‌మని మోగింది. అప్పుడే ఎర్ర చార మధ్యలో చిల్లులోంచి కిటికీ వెలుగు కనపడింది.

“హైనర్,” అన్నాడు ఫోల్కర్.

“నేను కాదన్నాడు వాడు,” అన్నాడు ఊవె. “నోట్లో సిగరెట్టు పెట్టుకునే.”

ఇక మడత పెట్టాలి. జంపఖానా మడతపెట్టాలంటే ఒకడు నడిచి రెండోవాడి దగ్గరికి రావాలి, కొస అందించాలి. ఇద్దరూ నిలబడ్డారు. ఊవె కదల్లేదు. ఫోల్కర్ కదల్లేదు. ముప్పై ఏళ్ళుగా ఎక్కడ ఆగారో మళ్ళీ సరిగ్గా అక్కడే ఆగారు.

దమయంతి ఎవరినీ నడవమనలేదు. వంగి, పళ్ళు బిగించి, జంపఖానాని సరిగ్గా మధ్యన, ఆ చిల్లు దగ్గర పట్టుకుని పైకి లేపింది. మధ్య లేస్తే కొసలు రాక చస్తాయా? చేతిలో ఉన్నది వదిలెయ్యలేక ఇద్దరూ ఒకేసారి ముందుకొచ్చారు. ఎవడు ముందు అడుగేశాడో చూసినవాళ్ళు కూడా చెప్పలేరు. నాలుగు చేతులూ ఒకచోట కలిసి, ఒకడి వాచిన వేళ్ళ మీద ఇంకొకడి వేళ్ళు పడ్డాయి. ఆవిడ వీపులో ఏదో కలుక్కుమంది.

“చాలు?” అన్నాడు ఫోల్కర్. ఆ రోజుల్లో వడ్డన ఆపడానికి వాళ్ళు నేర్చుకున్న మాట అది.

“చాల్లేదు. ఇంకో మడత ఉంది,” అంది దమయంతి.

ఆ మడత అయ్యాక ఇద్దరూ జర్మన్‌లో ఏదో మాట్లాడుకున్నారు. గట్టిగానే మాట్లాడుకున్నారు. తిట్టుకున్నట్టే ఉంది. కానీ తిట్టుకోవడం కూడా మాటే కదా. ఆవిడ వినలేదు. వేడినీళ్ళ సంచి వెతుక్కుంటూ లోపలికి పోయింది.

ఆదివారం డాలస్‌లో ఒక పాత థియేటరులో జనం పెద్దగా లేరు. ఉన్నవాళ్ళలో ఎక్కువమంది బట్టతలల తెల్లవాళ్ళు, పొట్ట మీద సాగిపోయిన పాత టీషర్టులు. ధర్మారావు ముందు వరసలో టికెట్లు తీశాడు, సూటేసుకుని వచ్చాడు. స్టేజి మీద జంపఖానా పరిచి ఉంది, దాని మీద డ్రమ్ములు. ఊవె అడిగి పట్టుకెళ్ళాడు. ఇచ్చేముందు దమయంతి, “చెప్పులతో ఎక్కితే ఊరుకోను,” అని చెప్పింది. ఆ డ్రమ్ములబ్బాయి పాపం మేజోళ్ళతో వాయించాడు.

చివర్న ఊవె మైకు దగ్గరికొచ్చి ఒక పేరు చెప్పాడు, ముందు ఏ బిరుదూ తగిలించకుండా, ఉత్త పేరు. ఫోల్కర్ ఎవరిదో గిటారు తగిలించుకుని బయటికొచ్చాడు. హాలు లేచి నిలబడింది. ధర్మారావు కూడా లేచాడు, రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు, కూర్చున్నాడు. నీటిచక్రం మొదలైంది. తకిట తకధిమి, తకిట తకధిమి అని నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది.

పక్కకి చూసేసరికి ధర్మారావు నిద్రపోతున్నాడు.

రాత్రంతా కంటి మీద కునుకు లేదు పాపం, వాళ్ళు వాయిస్తారో మానేస్తారో అని. ఇప్పుడు వాయిస్తున్నారన్న నిశ్చింత కమ్మేసింది. తల పక్కకి వాలింది. దమయంతి చెయ్యి ఎత్తింది లేపుదామని. మెడలో టై వదులు చేసుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని, వాగు పక్క గదిలో కిటికీ దగ్గర నిద్రపోయేవాడే ఆ మనిషి, అలాగే ఉన్నాడు. చెయ్యి దించేసింది.

ఆ పాటంతా ఆవిడే విన్నది. ఒద్దనుకున్న మనిషే. మధ్యలో ఊవె వేళ్ళు తడబడ్డాయి, ఆర్గాన్ ఆగిపోయింది. హాలంతా బిగుసుకుంది. ఫోల్కర్ వెనక్కి తిరిగి చూడలేదు. అదే చిన్న ముక్కని మళ్ళీ మళ్ళీ తిప్పుతూ అక్కడే తిరిగాడు, తొందరలేని గానుగెద్దులా. ఊవె వేళ్ళు తేరుకునేదాకా తిరిగి, అప్పుడు కదిలాడు. దమయంతి చెయ్యి ఒడిలో దానంతటదే లెక్క వేస్తోంది. నలభై ఏళ్ళు పిండి రుబ్బుతూ విన్న పాట, ఎక్కడ మలుపు తిరుగుతుందో ఆవిడకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? చివరి చుట్టు రాబోతుండగా మొగుడి డొక్కలో మోచేత్తో పొడిచింది. ధర్మారావు ఉలిక్కిపడి కళ్ళు తెరిచేసరికి గిటారూ ఆర్గానూ ఒకటై పైకి లేస్తున్నాయి. అతను అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు.

బయట ఎవరో పలకరించారు. “మాస్టారూ, ఎలా ఉంది?”

“అద్భుతం,” అన్నాడు ధర్మారావు.

“ఆయన కళ్ళు మూసుకుని విన్నారు,” అంది దమయంతి.

కారు వన్‌ఎయిటీత్రీ హైవే ఎక్కేసరికి పడమటి ఎండ తిన్నగా కళ్ళల్లో కొడుతోంది. వెనక సీట్లో జంపఖానా, ఆవిడ వీపు వెనక దిండు. కొంతదూరం పోయాక ధర్మారావు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

“మధ్యలో... ఊవె ఏమైనా తడబడ్డాడా?”

దమయంతి అతని వైపు చూసింది. అనాల్సినవి నాలిక చివర చాలా ఉన్నాయి. ఒక్కటీ అనలేదు. అలిసిపోయింది.

“తడబడ్డాడు. వాగు దాటే ముక్క దగ్గర. రెండోవాడు ఆగాడు.”

“ఆగాడా? ఎలా ఆగాడు?”

“ఎలా ఏమిటి, ఆగాడు.”

“ఏ ముక్క దగ్గర?”

ఆవిడ నిట్టూర్చి, నడుం కింద దిండు సర్దుకుంది. ఎండకి కళ్ళు మూసుకుంది. ఒడిలో చేత్తో లెక్క వేసుకుంటూ, గొంతు సవరించుకుని, ఆ ముక్కని సన్నగా కూనిరాగంలో ఎత్తుకుంది. ధర్మారావు బండి కుడిపక్క లేన్‌లోకి తీసి, వేగం తగ్గించాడు.